ప్రార్థన మనవి ఫార్వర్డ్ అయినప్పుడు: ఒక క్రైస్తవ సంఘ వాట్సాప్ గ్రూపు కేస్ స్టడీ

ఈ కేసులో మొదటి అడుగు వేసినవాళ్లెవరూ అబద్ధమాడలేదు. ఎవరికీ ఎవరిమీదా పగ లేదు. అందరూ నిజంగా మోకరించి ప్రార్థించినవాళ్లే. అయినా, ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని ఒక యువతి జబ్బు సంగతి వారం తిరక్కుండా ఆమె ఆఫీసుదాకా పాకింది. ఆమె సంఘానికి రావడం మానేసింది.

సంఘాల్లో తగవులు వచ్చినప్పుడు మధ్యవర్తిగా కూర్చోవడం నా పరిచర్యలో ఒక భాగం. ఒకప్పుడు ఆస్తులు, పదవులు, సిద్ధాంత భేదాల మీద పిలిచేవారు. ఇప్పుడు చాలావరకు ఫోన్లలో మొదలైన గొడవలకే పిలుస్తున్నారు. వాటిలో దీన్ని ఎంచుకున్నది ఇందులో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు కాబట్టే. ఒక దుర్మార్గుడు దొరికితే నెపమంతా అతని మీద వేసి మిగతావాళ్లం లేచి వెళ్లిపోతాం. ఇక్కడ ఆ వీలు లేదు. ఇది బయటికి రావడానికి ముందు ఆ సహోదరి మొత్తం చదివింది, ఒప్పుకుంది. ఆమెను గుర్తుపట్టగల వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

జరిగింది ఇది

ఆమె కొంతకాలంగా డిప్రెషన్‌కి మందులు వాడుతోంది. ఒక రాత్రి పాస్టరమ్మగారికి విడిగా మెసేజ్ పెట్టింది: "అమ్మగారూ, డాక్టర్ మందు మార్చారు. రాత్రిళ్లు నిద్ర రావట్లేదు. నా కోసం ప్రార్థించండి." అమ్మగారు అప్పటికప్పుడే ప్రార్థించారు. మర్నాడు, ఇతరుల కోసం ప్రార్థించే విజ్ఞాపన బృందం గ్రూపులో ఇలా రాశారు: "మన సిస్టర్", పక్కన ఆమె పేరు, "మానసిక ఒత్తిడికి మందులు వాడుతోంది, నిద్ర కోసం ప్రార్థించండి." అది చిన్న గ్రూపు. ఏళ్ల తరబడి ఒకరి భారం ఒకరు మోసిన పెద్దవాళ్లు అందులో ఉన్నారు.

వాళ్లలో ఒకరు దాన్ని సంఘమంతా ఉన్న గ్రూపులో వేశారు. అక్కడ దానికి "అత్యవసర ప్రార్థన మనవి" అని తలకట్టు వచ్చింది. "మానసిక ఒత్తిడి" కాస్తా "తీవ్రమైన డిప్రెషన్" అయింది. అక్కణ్ణుంచి మరో సంఘం ఉపవాస ప్రార్థనల గ్రూపుకి వెళ్లేసరికి "దురాత్మ పీడనలో ఉన్న యౌవన సహోదరి విడుదల కోసం" అని మారింది. పేరు మాత్రం ఎక్కడా మారలేదు, ఇంటిపేరు కూడా చేరింది. ఆ గ్రూపులో ఉన్న ఒకావిడ, ఈమె ఒకే ఆఫీసులో పనిచేస్తారు. ఆవిడ ఎంతో ఆప్యాయంగా ఈమె కుర్చీ దగ్గరికి వచ్చి, పక్కన నలుగురు ఉండగా అడిగింది: "ఇప్పుడెలా ఉందమ్మా? మా గ్రూపులో అందరం నీకోసం ప్రార్థిస్తున్నాం."

ఆ రాత్రి ఆమె అన్నయ్య పాస్టరమ్మగారి పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో రాశాడు. కోపంతో రాశాడు, కొన్ని మాటలు దాటిపోయాయి. దానికింద సంఘస్థులు కొందరు సమాధానాలు రాశారు, "దైవసేవకుల మీద నోరు పారేసుకుంటే ఏమవుతుందో" అన్నదాకా వెళ్లారు. సంఘ పెద్దలు నాకు కబురు పెట్టింది అప్పుడే. వాళ్లు నన్ను అడిగిన మొదటి ప్రశ్న: ఆ అబ్బాయి మీద క్రమశిక్షణ ఎలా తీసుకోవాలి?

ముందు ఎవరి మాట వినాలి

పెద్దలతో కూర్చోకముందే ఆమెను కలవాలని షరతు పెట్టాను. నాతోపాటు కౌన్సిలింగ్ తెలిసిన ఒక సహోదరి వచ్చారు. ఎక్కడ కలవాలి, పక్కన ఎవరుండాలి అన్నది ఆమే నిర్ణయించుకుంది. ఇది పద్ధతి కోసం చెప్పే మాట కాదు. తన సంగతి మీద తనకు పట్టు లేకుండా పోవడమే ఆమెకు జరిగిన నష్టం, కాబట్టి మొదటి సమావేశంలోనే ఆ పట్టు కొంతైనా తిరిగి ఆమె చేతికి రావాలి.

ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఒక్క మాట మాత్రం కేసు చివరిదాకా నా బల్ల మీద కాగితంలా ఉండిపోయింది: "నాకోసం దేవుడితో చెప్పమన్నాను అయ్యగారూ. నాగురించి మనుషులతో చెప్పమనలేదు."

తర్వాత మెసేజ్ ఎలా ప్రయాణించిందో చూశాం. ఇక్కడ పెద్దలకు కొంత సాంకేతికం చెప్పాల్సి వచ్చింది. వాట్సాప్‌లో 2016 నుంచి అందరి సందేశాలకూ ఆద్యంత ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి తమ గ్రూపు భద్రమని వాళ్ల నమ్మకం. ఆ రక్షణ దారిలో ఉన్నంతసేపే. పంపినవారి ఫోన్ నుంచి అందుకున్నవారి ఫోన్‌దాకా మధ్యలో ఎవరూ చదవలేరు. చేరాక, చదివినవారి చేతిలో అది మామూలు అక్షరాలే. కాపీ చేసుకోవచ్చు, స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు, పక్కవారికి చూపించవచ్చు. ఈ కేసులో గుట్టు బయటపెట్టింది హ్యాకర్ కాదు, గ్రూపు సభ్యులే.

ఇంకొకటి. సందేశాన్ని నేరుగా ఫార్వర్డ్ చేస్తే పైన 'ఫార్వర్డెడ్' అనే గుర్తు వస్తుంది. ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020లో కట్టడి కూడా పెట్టారు. ఇక్కడ వీళ్లు ఫార్వర్డ్ చేయలేదు. కాపీ చేసి, తలకట్టు మార్చి, కొత్తగా పేస్ట్ చేశారు. దాంతో గుర్తూ పోయింది, కట్టడీ వర్తించలేదు. చదివినవాళ్లకు అది పంపినవారి సొంత సమాచారంలా, నేరుగా తెలిసిన సంగతిలా కనిపించింది. 'అందరికీ డిలీట్' చేద్దామని అడ్మిన్‌కు తోచేసరికి గడువు దాటిపోయింది. రెండు రోజుల మీద కొద్ది గంటల వరకే ఆ అవకాశం.

మరో సంగతి అనుకోకుండా బయటపడింది. బృందంలో ఒక యువకుడు గ్రూపులో పెట్టడానికి చక్కటి ప్రార్థన రాసివ్వమని ఒక ఏఐ చాట్‌బాట్‌ను అడిగాడట, ఆమె పేరు, జబ్బు, మందు మార్చిన సంగతి అన్నీ ఇచ్చి. మంచి ప్రార్థనే వచ్చింది. కానీ ఆ వివరాలు ఒక సంస్థ సర్వర్లకు వెళ్లాయి. అక్కడ ఎంతకాలం ఉంటాయో, దేనికి వాడతారో సంఘంలో ఎవరూ చెప్పలేరు. ఆ అబ్బాయికి ఇది తట్టనే లేదు. ఎదురుగా మనిషి లేడు కాబట్టి ఎవరికీ చెప్పినట్టు అనిపించలేదు అన్నాడు. పేరు లేకుండా, జబ్బు లేకుండా అడిగినా అదే ప్రార్థన వచ్చేది.

"అంతా నిజమే కదా?"

పెద్దల సమావేశంలో మూడు వాదనలు వచ్చాయి. ఈ ఫోన్లే పాడు, గ్రూపులన్నీ మూసేద్దామన్నది ఒకటి. దానికి జవాబివ్వడానికి ఎక్కువసేపు పట్టలేదు. అచ్చుయంత్రం వచ్చిన తొలిరోజుల్లో పుస్తకంగా వెలువడిన గొప్ప గ్రంథం బైబిలే. 1963లో వాటికన్ మహాసభ ప్రసార సాధనాలపై ఇచ్చిన శాసనం వాటిని అద్భుతమైన ఆవిష్కరణలుగా స్వాగతించింది. ఇంటర్నెట్ నీతిపై 2002లో వాటికన్ ప్రచురించిన పత్రం కూడా సాధనాన్ని తోసిపుచ్చలేదు, మనిషీ మనుషుల సముదాయమే గురి కావాలంది. మంచం పట్టిన వృద్ధులకు ఈ సంఘంలో ఆదివారం ఆరాధన అందేది ఆ ఫోన్లలోనే. గ్రూపు మూసేస్తే శిక్ష పడేది వాళ్లకు.

ఉద్దేశం మంచిదే కదా అన్నది రెండోది. నిజమే. అమ్మగారి ఉద్దేశాన్ని ఆ సహోదరి కూడా ఎన్నడూ శంకించలేదు. కానీ ఉద్దేశం చేసినవారి హృదయం గురించి చెబుతుంది. జరిగిన నష్టం దానితో తగ్గదు.

అసలు బరువంతా మూడోదానిలో ఉంది. ఒక పెద్దాయన, సంఘంలో ఎంతో గౌరవం ఉన్నవారు, నెమ్మదిగా అన్నారు: "మేం రాసింది నిజమే కదండీ. 'నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు' అన్నాడు దేవుడు. ఇందులో అబద్ధం ఏముంది?" గదిలో చాలామంది తలలు ఊగాయి.

ఆ ఆజ్ఞను క్రైస్తవ సంప్రదాయం అంత ఇరుగ్గా ఎప్పుడూ చదవలేదు. 1647లో పూర్తయిన వెస్ట్‌మినిస్టర్ పెద్ద ప్రశ్నోత్తరి, అంటే విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా బోధించే ప్రొటెస్టంట్ గ్రంథం, 145వ ప్రశ్న కింద ఆ ఆజ్ఞకు విరుద్ధమైన పాపాల పొడవైన పట్టీ ఇస్తుంది. అందులో తగని వేళ సత్యం పలకడం కూడా ఒకటి. 1529లో సంస్కర్త మార్టిన్ లూథర్ తన చిన్న ప్రశ్నోత్తరిలో ఇదే ఆజ్ఞను వివరిస్తూ, పొరుగువాడి విషయంలో నమ్మకద్రోహం చేయకూడదనీ, అతని పక్షాన మాట్లాడాలనీ రాశాడు. కాథలిక్ ప్రశ్నోత్తరి 2477వ పేరా, సరైన కారణం లేకుండా ఒకరి లోపాల్ని తెలియనివారికి చెప్పడం పాపమంటుంది, అవి నిజమైనా సరే. డిప్రెషన్ లోపం కాదు, పాపం అసలే కాదు, జబ్బు. దానికి ఈ రక్షణ ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఆజ్ఞల లెక్కలో కాథలిక్కులు, లూథరన్లు దీన్ని ఎనిమిదోదంటారు, మిగతా ప్రొటెస్టంట్లు తొమ్మిదోదంటారు. అర్థం దగ్గర మాత్రం తేడా లేదు.

నేను వాళ్లతో చదివించింది ఆదికాండము తొమ్మిదో అధ్యాయం. నోవహు మత్తులో వస్త్రహీనుడై గుడారంలో పడి ఉన్నాడు. అతని కొడుకు హాము చూశాడు. 'బయటనున్న తన యిద్దరు సహోదరులకు ఆ సంగతి తెలిపెను.' అతను చెప్పింది అక్షరాలా నిజం. చెప్పింది సొంత అన్నదమ్ములకే. షేము, యాపెతు బట్ట భుజాన వేసుకుని వెనక్కి నడిచి వెళ్లి, మొహం తిప్పుకుని తండ్రిని కప్పారు. వాళ్లకూ నిజం తెలుసు. చూడకుండా ఉండటానికి, ఆ సంగతిని మోసుకెళ్లకుండా ఉండటానికి శ్రమపడ్డారు. ఒక పెద్దాయన 'బయటనున్న' అన్న మాట దగ్గర వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నారు: "మనం అడగాల్సింది ఇది నిజమా అని కాదేమో. ఇది నేను మోసుకెళ్లాల్సిన సంగతేనా అని."

సామెతల గ్రంథం 11:13 కూడా అదే గీత గీస్తుంది: 'కొండెగాడై తిరుగులాడువాడు పరుల గుట్టు బయటపెట్టును, నమ్మకమైన స్వభావముగలవాడు సంగతి దాచును.' ఇక్కడ కొండెగాడి మాట అబద్ధమని ఎక్కడా లేదు.

ఈ విషయం ఎంత పాతదో చూపించడానికి రెండు సంగతులు చెప్పాను. 1215లో కాథలిక్ సంఘపు నాలుగో లాటరన్ మహాసభ, పాపసంకీర్తనలో, అంటే ఒకరు తన పాపాలు ఒప్పుకుంటుండగా, విన్నది బయటపెట్టిన గురువును పదవి నుంచి తొలగించి, మఠంలో జీవితాంతం ప్రాయశ్చిత్తానికి పంపాలని శాసించింది. రెండోది మన కాలానిది. 1998 చివర్లో స్వీడన్‌లో ఒక చర్చి ఉపదేశకురాలు, దృఢీకరణ (కన్ఫర్మేషన్) సంస్కారానికి సిద్ధమవుతున్నవారి సౌకర్యం కోసం ఇంటి కంప్యూటర్‌లో వెబ్ పేజీలు తయారుచేసింది. తనతోపాటు 18 మంది తోటి పనివారి గురించి సరదాగా రాసింది. ఒకావిడ కాలికి దెబ్బ తగిలి వైద్య కారణాలతో సగం పూటే పనిచేస్తోందని అందులో ఉంది. ఎవరినీ ముందుగా అడగలేదు. అభ్యంతరం తెలియగానే తీసేసింది. అయినా కేసు ఐరోపా న్యాయస్థానందాకా వెళ్లింది. 2003 నవంబరు 6న వచ్చిన తీర్పు ప్రకారం కాలి దెబ్బ కూడా ఆరోగ్య సమాచారమే, మతసేవ కోసం చేసినంత మాత్రాన సొంత ఇంటి వ్యవహారమని మినహాయింపు దొరకదు. ఇది విన్నాక గదిలో ఒకరు గట్టిగానే అన్నారు: "కాలి దెబ్బకే అంత అయితే, మనం రాసింది?" లోకపు కోర్టులు ఈనాటి మన సంఘాల కంటే ముందుగా ఈ మర్యాద గుర్తించడం నాకు బాధ కలిగించే విషయం.

దాచడానికి హద్దు

ఇక్కడ ఆగి ఒక హెచ్చరిక చెప్పకపోతే ఈ కేసు తప్పుడు చేతుల్లో పడుతుంది. 'సంగతి దాచును', 'ప్రేమ అనేక పాపములను కప్పును' వంటి వచనాలతోనే పిల్లల మీద, స్త్రీల మీద జరిగిన అఘాయిత్యాలను సంఘాలు ఏళ్ల తరబడి కప్పిపుచ్చాయి. నోవహు కథను నాయకుల తప్పులకు దుప్పటిగా వాడినవాళ్లూ ఉన్నారు. గాయపడినవారి గుట్టు కాపాడటం ఒకటి, గాయపరిచినవారి గుట్టు కాపాడటం పూర్తిగా వేరొకటి. గుట్టు ఎవరిది, దాస్తే ఎవరికి క్షేమం, ఎవరికి ప్రమాదం అన్నది ప్రతిసారీ అడగాలి. పిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే అది ప్రార్థన గ్రూపులోకి కాదు, అదే రోజు చట్టపరమైన అధికారుల దగ్గరికి వెళ్లాలి. ప్రాణాపాయం ఉంటే వైద్యుల దగ్గరికి. ఈ రెండింటిలోనూ సంగతి తెలియాల్సినవారికే తెలుస్తుంది, ఊరికే తెలుసుకోవాలనుకునేవారికి తెలియదు.

సరిదిద్దడం

పెద్దలు ఆదివారం ఆరాధనలో బహిరంగ క్షమాపణ చెబుతామన్నారు. నిజాయితీగానే అన్నారు. ఆ సహోదరి ఒప్పుకోలేదు. తెలియని వంద మందికి ఆ ప్రకటనతో తెలుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఆమె చెప్పింది ముమ్మాటికీ సరైనది.

మరెలా? కాథలిక్ ప్రశ్నోత్తరి 2487వ పేరా, సత్యానికీ న్యాయానికీ చేసిన ప్రతి కీడుకూ నష్టపరిహారం బాధ్యత ఉంటుందనీ, క్షమాపణ దొరికినా ఆ బాధ్యత పోదనీ చెబుతుంది. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న, సువార్తలోని సుంకరి జక్కయ్య బాట అదే. మంచిపేరును ఎలా తిరిగివ్వాలన్నదే ప్రశ్న. మేం చేసింది ఇది: మెసేజ్ ఎక్కడెక్కడికి పంపారో ప్రతి ఒక్కరూ కూర్చుని గుర్తు చేసుకున్నారు. పంపిన ప్రతి మనిషికీ విడివిడిగా ఫోన్ చేశారు. గ్రూపులో పోస్ట్ పెట్టడం కాదు, ఫోన్ చేయడం. చెప్పాల్సిన మాటలు ముందే అనుకున్నాం: "నేను పంపిన ఆ మనవి నాకు పంపే హక్కు లేనిది. దయచేసి తీసేయండి, ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకూ ఇలాగే చెప్పండి. అందులో కొన్ని మాటలు నిజం కూడా కావు." పేరు మళ్లీ పలకకూడదన్నది కట్టుబాటు.

ఇది చాలా కష్టమైన పని. ఒక బటన్ నొక్కడానికి పట్టిన క్షణానికి బదులు సాయంత్రాలు పట్టాయి. కొందరు ఏడ్చారు. ఒకరు మధ్యలోనే మానేస్తానన్నారు, అమ్మగారు ఆవిడ పక్కన కూర్చుని పూర్తి చేయించారు. పాస్టరమ్మగారు ముందు వెళ్లింది ఆ సహోదరి ఇంటికి. 'నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు' అని మత్తయి 18:15 గద్దింపు గురించి చెప్పినదాన్నే ఆవిడ క్షమాపణకు వాడుకున్నారు. ఉపవాస ప్రార్థనల గ్రూపు నడిపే పాస్టరుగారిని నేనే కలిశాను. డిప్రెషన్‌ను దురాత్మగా మార్చిన ఆ వాక్యం గురించి ఆయనతో చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది. మందు వాడటం విశ్వాసలోపం కాదన్న మాట ఆయన తన గ్రూపులో ఎవరి పేరూ లేకుండా, సాధారణ బోధగా రాశారు.

అన్నయ్య విషయంలో పెద్దలు చాలాసేపు పట్టుబట్టారు. ముందు ఒంటరిగా, తర్వాత సాక్షులతో, ఆ తర్వాతే సంఘానికి చెప్పాలన్న మత్తయి 18 క్రమం అతను పాటించలేదు, నేరుగా లోకానికి చెప్పాడు అన్నది వాళ్ల వాదన. బహిరంగంగా చేసిన తప్పును బహిరంగంగా, రహస్యంగా చేసినదాన్ని రహస్యంగా సరిదిద్దాలని తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీన్ తన 82వ ప్రసంగంలో చెప్పాడు. ఆమె సంగతి వందల ఫోన్లలోకి వెళ్లాక ఆ నష్టం రహస్యం కాదు, అతని ఫిర్యాదు బహిరంగం కావడంలో వింతేమీ లేదు. అతని కొన్ని మాటలు గాయపరిచాయన్నదీ నిజమే. నా సలహా ఒకటే: సంఘం తన పని పూర్తిచేసేదాకా అతన్ని ఏమీ అడగవద్దు. అడగలేదు. ఫోన్లు చేయడం మొదలైందని తెలిశాక అతనే పోస్ట్ తీసేశాడు. దాని కింద బెదిరింపుగా రాసిన సంఘస్థులను మాత్రం పెద్దలు ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడారు.

ఇప్పుడున్న పరిస్థితి

ఆ సహోదరి వేరే సంఘానికి వెళుతోంది. దీన్ని ఓటమి అని పెద్దలు కొందరు అనుకుంటున్నారు, నేను అనుకోను. ఆమె ఆరాధన మానలేదు, అది చాలు. పాస్టరమ్మగారితో మాట్లాడుతూనే ఉంది. నెలల తర్వాత ఆ పాత మెసేజ్ ఒక బంధువు ఫోన్ నుంచి మళ్లీ పైకి తేలింది, మళ్లీ ఫోన్లు చేయాల్సి వచ్చింది. మెసేజ్ పూర్తిగా పోయిందని ఎవరూ హామీ ఇవ్వలేరు, అలా ఇవ్వవద్దని పెద్దలకు ముందే చెప్పాను.

సంఘం పద్ధతులు మారాయి. మనవి తీసుకునేవారు ఇప్పుడు అడుగుతున్నారు: నేనొక్కదాన్నే ప్రార్థించాలా, ఇంకెవరికైనా చెప్పవచ్చా, చెబితే ఏ మాటల్లో? అనుమతి లేకపోతే అక్కడితో ఆగిపోతుంది. అనుమతి ఉన్నా పేరు, జబ్బు రాతలోకి రావు. "ఒక సహోదరి ఆరోగ్యం కోసం" అంటే దేవుడికి చిరునామా తెలుసు. పెద్ద గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా మార్చారు. విజ్ఞాపన బృందం ఫోన్‌లోనో ఎదురుగానో మాట్లాడుకుంటుంది. వారంలో మాయమయ్యే సందేశాల సెట్టింగ్ కూడా పెట్టారు. దానివల్ల కొంత మేలు ఉంది గానీ స్క్రీన్‌షాట్‌ను అది ఆపదని కొత్తగా చేరే ప్రతి సభ్యుడికీ చెబుతున్నారు.

ఈ నియమాలు రాస్తుండగా సండే స్కూల్ టీచర్లు పిల్లల ఫోటోల సంగతి లేవనెత్తారు. ప్రతి వేడుక తర్వాత సంఘం పేజీలో పిల్లల మొహాలు, పేర్లు పెట్టడం అలవాటు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోవాలన్నది సులువుగానే తేలింది. తల్లిదండ్రులు సరేనని, పదేళ్ల పిల్ల వద్దంటే ఏం చేయాలన్న దగ్గర చర్చ ఆగింది. ఆ పిల్ల మాటే నిలబడాలన్నది నా అభిప్రాయం. పెద్దలు వచ్చే సమావేశంలో దీన్ని తేల్చబోతున్నారు. ఈలోగా పాత ఫోటోలన్నీ పేజీ నుంచి దించేశారు.